పరికరం దొరికింది, మనిషి ఎవరు?

(ఒక సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. సైటు నిషేధించిన మనిషి కొత్త ఖాతాతో తిరిగి వస్తే ఎలా గుర్తుపడతారు, ఎక్కడ పొరబడతారు అన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. నిషేధం అంటే ఏమిటో ముందు బాధితుల వైపు నుంచి చూద్దాం.

ఒక అమ్మాయికి ఒకడు రోజూ బెదిరింపు మెసేజీలు పంపిస్తున్నాడనుకోండి. ఆమె ఫిర్యాదు చేసింది. సైటు వాళ్ళు చూసి, నిజమేనని తేల్చి, అతని ఖాతా తీసేశారు. ఆమె ఊపిరి పీల్చుకుంది. గంట తిరక్కముందే కొత్త పేరు, కొత్త ఫొటో, అవే మాటలు. ఆమె మళ్ళీ ఫిర్యాదు చేయాలి, మళ్ళీ స్క్రీన్‌షాట్లు తీయాలి, ఇతనే అతనని మళ్ళీ ఎవరికో నచ్చజెప్పాలి. ఇలా నాలుగైదు సార్లు జరిగితే సైటు వదిలి వెళ్ళిపోయేది అతను కాదు, ఆమె. మోడరేషన్ పనిలో, అంటే ఫిర్యాదులు చూసి తప్పుడు రాతలు, ఖాతాలు తీసేసే పనిలో, ఉన్నన్నాళ్ళూ నన్ను బాగా బాధపెట్టింది ఇదే. అందుకని "సైట్లు మనల్ని గుర్తుపట్టడమేంటి, అది నిఘా కదా" అని ఎవరైనా అంటే నేను సగమే ఒప్పుకుంటాను. గుర్తుపట్టకపోతే ఆ అమ్మాయికి ఎవరు దిక్కు?

ఇక రెండో సగం. సైటు బయటికి పంపాలనుకునేది మనిషిని. దానికి కనిపించేది మాత్రం ఒక ఖాతా, ఒక నెట్ కనెక్షను, ఒక బ్రౌజరు, ఒక ఫోను. మనిషికీ వీటికీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీని అంచనాతో పూడుస్తున్నారు. ఇది అంచనాయే అని గుర్తుంచుకుని నడిచే వ్యవస్థ పరవాలేదు. ఆ సంగతి మరిచిపోయిన వ్యవస్థ చేతిలో ఏ పాపమూ తెలియనివాళ్ళు నలిగిపోతారు. నేను ఈ రోజు చెప్పేదంతా ఆ ఖాళీ గురించే.

మొదట అందరికీ తెలిసిన ఐపీ అడ్రస్ నుంచి, అంటే నెట్‌లో మీ కనెక్షనుకు ఉండే నంబరు నుంచి, మొదలుపెడదాం. నిషేధించిన ఖాతా ఏ ఐపీ నుంచి వచ్చిందో, కొత్త ఖాతా అదే ఐపీ నుంచి వస్తే పట్టుకోవచ్చు. ఇంటర్నెట్ తొలినాళ్ళలో ఇది కొంతవరకు పనిచేసింది. ఇప్పుడు దీని మీద ఆధారపడటం ప్రమాదం. పాత పద్ధతి ఐపీ అడ్రసులు, అంటే ఐపీవీ4 అడ్రసులు, మొత్తం లెక్కేసినా సుమారు 429 కోట్లే. ప్రపంచంలో మనుషులే 800 కోట్లు దాటారు, వాళ్ళ పరికరాలు ఇంకా ఎక్కువ. అడ్రసులు చాలక మొబైల్ కంపెనీలు ఒకే అడ్రసు వెనక వందల మందిని, ఒక్కోసారి వేల మందిని కూర్చోబెడుతున్నాయి. ఇలా పంచుకోవడానికి వీలుగా 2012లో ఒక అడ్రసుల గుంపునే ప్రత్యేకంగా కేటాయించారు. మీరు ఫోనులో డేటా వాడుతున్నప్పుడు సైటుకు కనిపించే అడ్రసు మీ ఒక్కరిదే అయ్యే అవకాశం తక్కువ.

దీని వల్ల ఏం జరుగుతుందో చూపించిన సంఘటన ఒకటుంది. 2006 ముగిసి 2007 మొదలవుతున్న సమయంలో ఆంగ్ల వికీపీడియాలో ఒక ఐపీ నుంచి చెత్త రాతలు ఎక్కువయ్యాయని దాన్ని ఆపేశారు. ఆ అడ్రసు ఖతర్‌ది. అప్పట్లో ఆ దేశం నెట్ ట్రాఫిక్ దాదాపు అంతా ఆ ఒక్క అడ్రసు గుండానే బయటికి వచ్చేది. ఒక్క అడ్రసును ఆపితే ఒక దేశంలో లాగిన్ కాకుండా రాసేవాళ్ళందరికీ తలుపు మూసుకుపోయింది. కొన్ని గంటల్లో సరిదిద్దారు కానీ, వార్త ప్రపంచమంతా పాకింది. ఒక అడ్రసు అంటే ఒక మనిషి అనుకుంటే ఎంత దూరం పోతుందో దానితో అందరికీ అర్థమైంది.

కొత్త పద్ధతి అడ్రసుల్లో, అంటే ఐపీవీ6లో, దీనికి ఎదురు సమస్య. అక్కడ అడ్రసుల కరువే లేదు. ఒక ఇంటి కనెక్షనుకే లెక్కపెట్టలేనన్ని అడ్రసులు వస్తాయి, పరికరం వాటిని తరచూ మార్చుకుంటూ ఉంటుంది. అందుకని సైట్లు ఒక్క అడ్రసును కాకుండా, దాని ముందు సగాన్ని, అంటే మొదటి 64 బిట్లను చూస్తాయి (బిట్ అంటే 0 లేదా 1 అనే ఒక్క అంకె). తమ అడ్రసు బదులు వేరే అడ్రసు చూపించే వీపీఎన్ వాడేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు అనుభవమున్న టీములు ఐపీని సాక్ష్యంగా తీసుకోవు. ఎక్కడ వెతకాలో చెప్పే సూచనగా తీసుకుంటాయి.

రెండోది కుకీ. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దీన్ని తయారుచేశారు. సైటు మీ బ్రౌజరులో ఒక చిన్న చీటీ పెడుతుంది, మీరు మళ్ళీ వచ్చినప్పుడు ఆ చీటీ చదువుతుంది. నిషేధించిన ఖాతా వాడిన బ్రౌజరులో ఆ చీటీ ఉంది, అదే చీటీతో కొత్త ఖాతా తెరిచారు. పని తేలిక. చీటీ తుడిచేస్తే అంతే తేలిగ్గా పోతుంది కూడా. అందుకే తుడిచినా పోని చీటీల కోసం ఒక దశలో పెద్ద వేట నడిచింది. 2010లో శామీ కామ్‌కార్ అనే పరిశోధకుడు ఎవర్‌కుకీ అనే ప్రయోగం బయటపెట్టారు. ఒకే గుర్తును బ్రౌజరులో ఫ్లాష్ (వీడియోలు, ఆటలు నడిపే పాత అనుబంధం) నిల్వ, క్యాషేలో (పేజీలు త్వరగా తెరవడానికి బ్రౌజరు వాడే నిల్వలో) దాచిన బొమ్మలు ఇలా పది రకాల చోట్ల పెట్టడం, ఒక్క చోట మిగిలినా దాంతో మిగతా అన్నిటినీ మళ్ళీ పుట్టించడం. అది చూసి బ్రౌజర్ల వాళ్ళు ఒక్కో చోటూ మూసుకుంటూ వచ్చారు. ఫ్లాష్ 2020 చివరికి పూర్తిగా కన్నుమూసింది. కుకీలు ఇప్పటికీ పనికొస్తాయి, ఎందుకంటే తిరిగి వచ్చేవాళ్ళలో చాలామంది ఏదీ తుడవకుండానే కోపంలో వెంటనే వస్తారు. పట్టుదలగా వచ్చేవాడి దగ్గర మాత్రం ఇది చాలదు.

ఇక అసలు విషయం. ఏ చీటీ పెట్టకుండా, మీ పరికరంలో ఏదీ దాచకుండా, దాని స్వభావాన్ని బట్టే గుర్తుపట్టడం. బ్రౌజర్ ఫింగర్‌ప్రింటింగ్.

పేజీని సరిగ్గా చూపించడానికి బ్రౌజరు సైటుకు కొన్ని వివరాలు చెప్పాలి. ఏ బ్రౌజరు, ఏ వెర్షను, తెర వెడల్పు ఎంత, ఏ టైమ్ జోను, ఏ భాషలు, ఏ ఫాంట్లు ఉన్నాయి, ప్రాసెసర్‌లో కోర్లు ఎన్ని, గ్రాఫిక్స్ చిప్ ఏది. వీటిలో ఏ ఒక్కటీ మిమ్మల్ని పట్టివ్వదు. మీలాంటి తెర లక్షల మందికి ఉంటుంది. అన్నీ కలిపితే కథ మారుతుంది. అదే తెర, అదే వెర్షను, అదే ఫాంట్ల జాబితా, అదే భాషల వరుస, అదే చిప్ ఉన్నవాళ్ళు ఎంతమంది మిగులుతారు?

దీన్ని మొదటిసారి పెద్ద ఎత్తున కొలిచింది ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థలో పనిచేసిన పీటర్ ఎకర్స్‌లీ. 2010లో ఆయన పానాప్టిక్లిక్ అనే పరీక్ష నడిపి 4,70,161 బ్రౌజర్ల వివరాలు సేకరించారు. వాటిలో 83.6 శాతం ఆ సేకరణలో మరొకదానితో కలవలేదు. ఫ్లాష్ కానీ, జావా అనే అలాంటి మరో అనుబంధం కానీ ఉన్న బ్రౌజర్లలో అది 94.2 శాతం. ఆయన ఈ గుర్తింపు శక్తిని బిట్లలో కొలిచారు. ఒక్కో బిట్టు దొరికిన కొద్దీ అనుమానితుల గుంపు సగానికి తగ్గుతుంది. భూమ్మీద ఉన్న ఎవరినైనా ఒక్కరిగా తేల్చడానికి 33 బిట్లు చాలు, ఎందుకంటే రెండును 33 సార్లు హెచ్చిస్తే దాదాపు 859 కోట్లు వస్తుంది. ఆయన పరీక్షలో బ్రౌజరు వివరాల నుంచే 18 బిట్ల పైన దొరికాయి. ఏదో ఒక బ్రౌజరు తీసుకుంటే, దానితో కలిసేది మరో 2,86,777 బ్రౌజర్లలో ఒక్కటి ఉంటే గొప్ప అన్నమాట.

రెండేళ్ళ తర్వాత, 2012లో, కీటన్ మోవరీ, హోవవ్ షాకమ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో దారి చూపించారు. పేజీలో బొమ్మలు గీయడానికి బ్రౌజర్లలో క్యాన్వాస్ అనే సదుపాయం ఉంటుంది. సైటు మీకు కనిపించకుండా ఒక వాక్యాన్ని, కొన్ని రంగుల్ని గీయమంటుంది. ఒకే వాక్యం పదిమందితో రాయిస్తే అక్షరాలు ఒకటే అయినా చేతిరాత వేరుగా ఉన్నట్టే, గ్రాఫిక్స్ చిప్, దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము, ఫాంట్ల తీరును బట్టి పిక్సెళ్ళలో సన్నటి తేడాలొస్తాయి. కంటికి తెలియవు, లెక్కకు తెలుస్తాయి. 2014లో ప్రిన్స్‌టన్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పేరున్న లక్ష సైట్లను పరీక్షిస్తే వాటిలో 5.5 శాతం అప్పటికే ఈ పని చేస్తున్నాయి. తర్వాత శబ్దంతోనూ ఇలాగే చేయొచ్చని తేలింది. మైకు అక్కర్లేదు, స్పీకరులోంచి ఏమీ వినిపించదు. బ్రౌజరును ఒక శబ్ద తరంగాన్ని లెక్క కట్టమంటారు, జవాబులో చివరి అంకెల తేడా చూస్తారు.

మన కథకు సూటిగా సంబంధించిన ఉదాహరణ బ్యాటరీ. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో సైటు మీ బ్యాటరీ ఎంత శాతం ఉందో, ఎంతసేపట్లో అయిపోతుందో చదవగలిగేది. ఉద్దేశం మంచిదే, ఛార్జి తక్కువగా ఉంటే పేజీని తేలికగా చూపిద్దామని. 2015లో పరిశోధకులు ఒక సంగతి గమనించారు. ఒకరు కుకీలన్నీ తుడిచి, క్షణాల్లో కొత్త మనిషిలా వచ్చినా, బ్యాటరీ అంకెలు అవే ఉంటాయి. పాతవారు, కొత్తవారు ఒకరేనని ఆ కాస్త వ్యవధిలో జత కలపొచ్చు. ఫైర్‌ఫాక్స్ 2017లో ఆ సదుపాయాన్ని సైట్లకు అందకుండా తీసేసింది. ఏ చిన్న వివరం ఎప్పుడు గుర్తుగా మారుతుందో ముందే ఊహించడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పేజీ తెరుచుకోకముందే దొరికే గుర్తు కూడా ఒకటుంది. సైటుతో భద్రమైన కనెక్షను పెట్టుకునేటప్పుడు మీ బ్రౌజరు తనకు తెలిసిన సంకేత పద్ధతులన్నీ ఒక వరుసలో చెబుతుంది. ఆ వరుసను బట్టి ఇది నిజంగా క్రోమ్ బ్రౌజరా, క్రోమ్‌నని చెప్పుకుంటున్న ప్రోగ్రామా అని పోల్చవచ్చు. 2017లో సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజినీర్లు జేఏ3 అనే పద్ధతిగా దీన్ని బయటపెట్టారు. తర్వాత క్రోమ్ ఆ వరుసలో కొంత భాగాన్ని ప్రతిసారీ కలగాపులగం చేయడం మొదలుపెట్టింది, దానికి జవాబుగా 2023లో జేఏ4 వచ్చింది. ఇది మనిషిని పట్టదు. గుంపులు గుంపులుగా నకిలీ ఖాతాలు తెరిచే యంత్రాలను పట్టడంలో మాత్రం బాగా పనికొస్తుంది.

ఇంతవరకు విన్నవాళ్ళకు "ఇక తప్పించుకునే దారే లేదు" అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్తపడాలి. 2010 నాటి ఆ పరీక్షకు వచ్చినవాళ్ళు ఎక్కువగా గోప్యత మీద ఆసక్తి ఉన్నవాళ్ళు, వాళ్ళ బ్రౌజర్లూ ప్రత్యేకమైనవే. 2018లో ఫ్రాన్స్‌లో మామూలు జనం చూసే ఒక పెద్ద సైటులో 20 లక్షలకు పైగా ఫింగర్‌ప్రింట్లు సేకరించి చూస్తే, వాటిలో ఒంటరిగా నిలిచినవి 33.6 శాతమే. మొబైల్ ఫోన్లలో అయితే 18.5 శాతం. కారణం తేలిగ్గా ఊహించవచ్చు. ఒకే మోడల్ ఫోను కొన్నవాళ్ళందరికీ అదే చిప్, అదే తెర, అవే ఫాంట్లు. భాష, టైమ్ జోను కూడా ఒకటే. ఫోనులో ఎవరూ ఫాంట్లు వేసుకోరు. కాబట్టి బాగా అమ్ముడుపోయే మోడల్ ఒకటి వాడే మనిషికి, తనలాగే కనిపించేవాళ్ళు వేల మంది ఉంటారు. వాళ్ళలో ఒకడు తప్పు చేస్తే?

పైగా ఈ గుర్తు నిలకడగా ఉండదు. బ్రౌజరు అప్‌డేట్ అవుతుంది, కొత్త మానిటర్ పెడతారు, ప్రయాణంలో టైమ్ జోను మారుతుంది. అదే 2018లో ఎఫ్‌పీ-స్టాకర్ అనే అధ్యయనం, మారుతూ ఉన్న ఫింగర్‌ప్రింట్లను ఒకదానికొకటి ముడివేస్తూ ఎన్నాళ్ళు వెంబడించవచ్చో చూసింది. సగటున 54 రోజులు. పావు వంతు బ్రౌజర్లను మాత్రం 100 రోజులు దాటి వెంబడించగలిగారు. రెండు వైపులా తప్పే అన్నమాట. వచ్చినవాడు అతనే అయినా పోల్చుకోలేకపోవచ్చు. అతను కాకపోయినా అతనే అనుకోవచ్చు.

బ్రౌజర్లు కూడా ఎదురు నిలుస్తున్నాయి. 2018 నుంచి సఫారీ ఫాంట్ల వంటి వివరాలను అందరికీ ఒకేలా చూపించడం మొదలుపెట్టింది. గోప్యత కోసమే చేసిన టార్ బ్రౌజరు తన వాడుకరులందరూ ఒకరిలాగే కనిపించేలా చేస్తుంది, తెర కొలతలను కూడా దగ్గరి గుండ్రటి అంకెలకు సవరిస్తుంది. బ్రేవ్ అనే బ్రౌజరు వేరే దారి పట్టింది. క్యాన్వాస్, శబ్దం లెక్కల్లో కావాలనే కొంచెం గందరగోళం కలుపుతుంది, అది సైటు సైటుకూ మారుతుంది.

యాప్‌ల సంగతి వేరు, అక్కడ పరికరానికి ఇంకా దగ్గరగా వెళ్ళవచ్చు. ఒకప్పుడు ఐఫోనులో యాప్‌లు ఫోను శాశ్వత నంబరునే చదివేవి. 2013 మే నుంచి అలా చదివే యాప్‌లను యాపిల్ తిరస్కరిస్తోంది. ఆండ్రాయిడ్ 8 నుంచి, అంటే 2017 నుంచి, ఆండ్రాయిడ్ ఐడీ అనేది ఒక్కో యాప్ తయారీదారుకు ఒక్కోలా కనిపిస్తుంది, ఫోనును పూర్తిగా రీసెట్ చేస్తే మారిపోతుంది. ఆండ్రాయిడ్ 10లో మామూలు యాప్‌లకు ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోనుకు తయారీలోనే ఇచ్చే నంబరు, కూడా అందకుండా చేశారు.

వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చినది యాపిల్ 2017లో తెచ్చిన డివైస్‌చెక్. యాప్ నడిపేవాళ్ళకు ఫోను నంబరు ఇవ్వరు, పేరు ఇవ్వరు. ఒక్కో ఫోనుకు రెండే రెండు బిట్లు రాసుకోనిస్తారు. అవి యాపిల్ సర్వర్లలో ఉంటాయి, ఫోనును రీసెట్ చేసినా పోవు. రెండు బిట్లతో నాలుగు రకాల స్థితులు మాత్రమే గుర్తుపెట్టుకోవచ్చు. "ఈ ఫోను నుంచి ఒకసారి నిషేధం పడింది" అన్న సంగతి అందులో ఇమిడిపోతుంది. ఎవరు, ఎక్కడ, ఏం చూశారు అన్నవి ఇమడవు. అవసరమైనంతే తెలుసుకోవడం అంటే ఇలా ఉండాలి. ఇందులోనూ మన ఖాళీ అలాగే ఉంది. ఫోను అమ్మేశారు, కొన్నవాళ్ళు యాప్ పెట్టుకుంటే నిషేధం ఎదురొచ్చింది. యాపిల్ తన సూచనల్లో చెప్పింది కూడా, ఫోను చేతులు మారితే ఆ బిట్లను ఎప్పుడు తుడవాలో చూసుకోవాల్సిన బాధ్యత యాప్ వాళ్ళదేనని. ఆ బాధ్యత ఎంతమంది తీసుకుంటున్నారన్నదే నా ఆందోళన. ఆన్‌లైన్ గేముల్లో మోసం చేసేవాళ్ళ మీద వేసే హార్డ్‌వేర్ నిషేధాలకూ, అంటే ఖాతాకు కాక కంప్యూటరుకే పడే నిషేధాలకూ, ఇదే వర్తిస్తుంది. పాత కంప్యూటరు కొన్న పిల్లవాడు ఎవరో చేసిన మోసానికి శిక్ష అనుభవించకూడదు.

పరికరం మారినా మారనిది ఒకటుంది, మనిషి తీరు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రేడియో సందేశాలు వినే బ్రిటిష్ ఉద్యోగులు, సందేశం అర్థం కాకపోయినా, మోర్స్ చుక్కలు, గీతలు కొట్టే లయను బట్టి ఆ పంపేవాడు ఎవరో పోల్చుకునేవాళ్ళు. సైన్యం చోటు మారినా, సంకేతాలు మారినా, చేతి లయ మారదు. కీబోర్డు కొట్టే తీరులోనూ అలాంటి లయ ఉందని రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 1980లోనే అధ్యయనం చేసింది. నిషేధించినవాళ్ళను పట్టడంలో లయ కంటే కూడా ఎక్కువ పనికొచ్చేది ప్రవర్తన. కొత్త ఖాతా తెరిచిన పది నిమిషాల్లో పాత బాధితురాలినే వెతుక్కుంటూ వెళ్ళడం. అదే పాత గొడవలో అదే వాక్యం దగ్గర మొదలుపెట్టడం. ఒక మాటను ఎప్పుడూ అదే అక్షరదోషంతో రాయడం. కొత్తవాళ్ళకు తెలియని మూలమూలల సెట్టింగులు మొదటిరోజే వాడటం. అనుభవమున్న మోడరేటరు వీటిని క్షణంలో పసిగడతారు. నా అనుభవంలో పరికరం ఇచ్చే సాక్ష్యం కంటే ఇదే న్యాయమైన సాక్ష్యం, ఎందుకంటే ఇది మనిషి చేసిన పనిని చూస్తుంది, అతని చేతిలో ఉన్న వస్తువును కాదు. అతను ఆ పాత పని మానేస్తే ఈ సాక్ష్యం పుట్టదు.

పెద్ద సైట్లలో ఇవన్నీ కలిపి, ఒక కొత్త ఖాతా నిషేధం పడినవాడిదేనన్న అనుమానం ఎంతో చెప్పే స్కోరు వేస్తారు. ఈ స్కోరు గురించి ఒక చిన్న లెక్క చెప్పాలి, దయచేసి ఓపిక పట్టండి. ఒక సైటులో నెలకు 10 లక్షల కొత్త ఖాతాలు తెరుస్తున్నారనుకుందాం. వాటిలో నిషేధం నుంచి తిరిగి వచ్చినవాళ్ళవి 2,000 అనుకుందాం. మన వ్యవస్థ చాలా మంచిది, వందకు 95 మందిని పట్టుకుంటుంది, అమాయకులను పొరపాటున అనుమానించేది వందకు ఒక్కరినే. వినడానికి అద్భుతంగా ఉంది. లెక్క వేయండి. 2,000లో 1,900 మంది దొరుకుతారు. మిగిలిన 9,98,000 మందిలో వందకు ఒక్కరు చొప్పున 9,980 మంది మీద అనుమానం పడుతుంది. అనుమానితుల జాబితాలో మొత్తం 11,880 మంది ఉంటే, నిజంగా తప్పించుకు వచ్చినవాళ్ళు 1,900. ఆరుగురిలో ఒక్కరు! ఆ జాబితాను నేరుగా నిషేధం మీటకు కలిపేస్తే, ఆ ఒక్కరి కోసం సంబంధం లేని ఐదుగురిని గెంటేస్తాం. వ్యవస్థలో లోపం ఏమీ లేకపోయినా ఇలా జరుగుతుంది. అమాయకుల గుంపు మరీ పెద్దది కావడమే కారణం.

కాబట్టి స్కోరు చూసి ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న. ప్రత్యక్ష వీడియో ప్రసారాల సైటు ట్విచ్ 2021 చివర్లో తెచ్చిన పద్ధతి ఈ విషయంలో ఆలోచించి చేసినది. అనుమానితులను రెండు రకాలుగా చూపిస్తుంది, తిరిగి వచ్చి ఉండొచ్చు అన్నవాళ్ళు, చాలావరకు వాళ్ళే అన్నవాళ్ళు. రెండో రకం వాళ్ళ మెసేజీలు చాట్‌లో అందరికీ కనిపించవు, మోడరేటర్లకు కనిపిస్తాయి. మొదటి రకం వాళ్ళ మెసేజీలు మామూలుగానే వెళతాయి, మోడరేటర్లు ఓ కన్నేసి ఉంచుతారు. తీర్పు మాత్రం మనిషిదే. బాధితులకు రక్షణ దొరికింది, పొరపాటు జరిగితే సరిదిద్దుకునే వీలూ మిగిలింది.

వికీపీడియాలో చెక్‌యూజర్ అనే పరికరం ఉంది. ఒక ఖాతా ఏ ఐపీ నుంచి, ఏ బ్రౌజరు నుంచి పనిచేసిందో దానితో చూడవచ్చు. ఆ వివరాలు 90 రోజులే నిల్వ ఉంటాయి. చూసే హక్కు ఎంపిక చేసిన కొద్దిమందికే ఉంటుంది. ఎవరు ఎవరిని ఎప్పుడు చూశారన్నది కూడా నమోదవుతుంది. ఒక వికీలో ఈ హక్కు ఉన్నవాళ్ళు ఇద్దరైనా ఉండాలన్నది నియమం, ఒకరి మీద ఒకరి కన్ను ఉండాలని. ఫిర్యాదులు వినడానికి వేరే కమిషన్ ఉంది. నిఘా చేసేవాళ్ళ మీద నిఘా పెట్టడం అంటే ఇది. లాభం కోసం నడిచే కంపెనీల్లో ఇంత కట్టుదిట్టంగా చేసినవి నాకు తక్కువే కనిపించాయి.

నాకు ఇంకో భయం ఉంది. భద్రత కోసమని సేకరించిన ఫింగర్‌ప్రింట్లు మెల్లగా ప్రకటనల విభాగానికి నడిచి వెళ్ళడం. 2019లో గూగుల్ ఇంజినీర్లే ఫింగర్‌ప్రింటింగ్ తప్పని బహిరంగంగా రాశారు. 2024 డిసెంబరులో అదే సంస్థ తన ప్రకటనల నియమాలను సడలించింది, ప్రకటనలు ఇచ్చే కంపెనీలు ఇలాంటి గుర్తులు వాడుకునేందుకు 2025 ఫిబ్రవరి నుంచి దారి తెరుచుకుంది. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం దాన్ని బాధ్యతారాహిత్యమని గట్టిగానే విమర్శించింది. కుకీని తుడిచేయొచ్చు. మీ గ్రాఫిక్స్ చిప్‌ను ఎలా తుడుస్తారు? బెదిరించేవాడిని ఆపడానికి నేను ఒప్పుకున్న పనిని, చెప్పులు అమ్మడానికి వాడితే నేను ఒప్పుకోను. భద్రత విభాగం దగ్గరున్న ఆ వివరాలు వేరే చోట ఉండాలి, వేరే తాళం ఉండాలి, గడువు తీరాక చెరిగిపోవాలి.

ఇంకొకటి, ఇది చాలామంది ఆలోచించరు. టార్, వీపీఎన్ వాడేవాళ్ళకు, ఫింగర్‌ప్రింట్ దాచుకునేవాళ్ళకు స్కోరులో అనుమానం పెరుగుతుంది. అలా దాచుకునేది ఎవరు? తప్పించుకునేవాళ్ళు కొందరు. వెంటపడేవాడి నుంచి దాక్కుంటున్న ఆడవాళ్ళు, పత్రికల వాళ్ళు, తమ గురించి బయటపడితే ఇంట్లోనే ప్రమాదం ఉన్నవాళ్ళు మరికొందరు. నేను మొదట్లో చెప్పిన ఆ అమ్మాయి కూడా ఇప్పుడు వీపీఎన్ వాడుతూ ఉండవచ్చు. ఆమెను కాపాడటానికని పెట్టిన వ్యవస్థ ఆమెనే దోషిలా చూస్తే అంతకన్నా అన్యాయం ఉండదు. దాచుకోవడం ఒక్కటే కారణంగా ఎవరినీ నిషేధించకూడదని నేను ఎక్కడ అవకాశం దొరికినా వాదిస్తాను.

ఇక మీ ప్రశ్నలు.

(సభలోంచి: వెబ్‌సైటుకు నా ఫోను ఐఎంఈఐ, మ్యాక్ అడ్రస్ తెలిసిపోతాయా అండీ?)

తెలియవండీ. మ్యాక్ అడ్రస్ అంటే పరికరంలో నెట్‌కు కలిపే భాగానికి ఉండే నంబరు, అది మీ ఇంటి రౌటరు దాకానే వెళుతుంది, సైటు దాకా వెళ్ళదు. ఐఎంఈఐని బ్రౌజరు ఎవరికీ ఇవ్వదు. "మీ ఐఎంఈఐ మా దగ్గర ఉంది" అని ఏదైనా సైటు బెదిరిస్తే అది బెదిరింపే. బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేటు కిటికీ గురించీ అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను, అది మీ కంప్యూటరులో చరిత్ర మిగలకుండా చూస్తుంది. మీ తెర, మీ చిప్, మీ ఐపీ మాత్రం అవే ఉంటాయి.

(సభలోంచి: మా ఇంట్లో అందరికీ ఒకటే కంప్యూటరు. మా తమ్ముడి మీద నిషేధం పడితే నాకూ పడుతుందా?)

పడే అవకాశం ఉందమ్మా. పరికరం ఒకటే, ఐపీ ఒకటే, స్కోరు ఎక్కువే వస్తుంది. అలా జరిగితే కొత్త ఖాతాలు తెరుస్తూ పోకండి. ప్రతి కొత్త ఖాతా మీ మీద అనుమానాన్ని పెంచుతుంది. ఉన్న ఖాతా నుంచే అప్పీలు పెట్టి, ఈ కంప్యూటరు ఇంట్లో ఎవరెవరు వాడతారో, మీ ఖాతా ఎప్పటి నుంచి ఉందో ఉన్నదున్నట్టు రాయండి. చూసేవాళ్ళు మీ ఖాతా తీరును, మీ తమ్ముడి ఖాతా తీరును పక్కపక్కన పెట్టి పోలిస్తే తేడా తెలిసిపోతుంది. అసలు అప్పీలును మనిషి చదవని సైటులో ఇది కూడా పనిచేయదు. అందుకే అప్పీలును మనిషే చదవాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

(సభలోంచి: నిషేధించినవాడు కొత్త పేరుతో వచ్చి బుద్ధిగా ఉంటున్నాడు. అప్పుడూ గెంటేయాలా?)

మంచి ప్రశ్న. టీముల్లో దీని మీద గంటల తరబడి వాదనలు జరుగుతాయి. నా అభిప్రాయం చెబుతాను. ఒకరిని వేధించి వెళ్ళినవాడైతే, ఆ బాధితులు ఇంకా అక్కడే ఉంటే, బుద్ధిగా ఉన్నా ఉండనివ్వకూడదు. అతను చుట్టుపక్కల ఉన్నాడన్న భయమే వాళ్ళకు చాలు. మొండి వాదనలకో, నియమాలు పట్టించుకోనందుకో నిషేధం పడిన మనిషి సంగతి వేరు. ఆంగ్ల వికీపీడియాలో అలాంటివాళ్ళ కోసం ఒక ఆనవాయితీ ఉంది. ఆరు నెలలు ఏ దొంగ ఖాతా తెరవకుండా ఆగి, పాత పని మళ్ళీ చేయనని మాట ఇస్తే, తిరిగి రానివ్వమని అడగవచ్చు. ఇస్తారన్న హామీ లేదు, అడిగే దారి మాత్రం ఉంది. అలాంటి దారి ఉన్న చోట దొడ్డిదారిన వచ్చేవాళ్ళు కొందరైనా తగ్గుతారని నా నమ్మకం. నిషేధం ఎన్నాళ్ళో, తిరిగి రావడానికి ఏం చేయాలో చెప్పని సైటు, వాళ్ళ చేతికి ఒక్క దారే వదులుతుంది, కొత్త పేరు. ఆ తర్వాత వాళ్ళ బ్యాటరీలు, ఫాంట్లు, చిప్‌లు లెక్కపెడుతూ కూర్చోవాల్సి వచ్చేది మేమే.